ఆరు వారాల మాత్ర

చెంగల్రాయుడి కడుపులో మంట మొదలై ఏడాది దాటినా, అది నిజంగా కడుపు మంటేనని ఒప్పుకున్నవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

"ముద్దకు ముద్దంత సెనక్కాయల ఊరిబిండి నంజుకుంటే సంగటి మండక సల్లగుంటాదా?" అనేది భార్య అలివేలమ్మ.

"అది కారం మంట కాదు వదినా. రేణిగుంట మేళానికి ఈ నెల్లో తొమ్మిది పెండ్లిళ్ళు కుదిరినాయి, మనకు నాలుగు. ఆ మంట," అనేవాడు కుప్పుస్వామి.

కుప్పుస్వామి డోలు వాయించేవాడు. ఆర్కాటు వైపు నుంచి వచ్చి తిరుపతిలో స్థిరపడి, ఇరవై రెండేళ్ళుగా చెంగల్రాయుడి నాదస్వరం పక్కనే కూర్చుంటున్నవాడు. నాదస్వరం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఎక్కడ తడబడుతుందో అలివేలమ్మ కన్నా అతనికే బాగా తెలుసు. అందుకే నవ్వుతూ అన్నా, ఆ మంట మాట మొదట నమ్మింది అతనే.

నాదస్వరం నోటితో ఊదుతారని చూసేవాళ్ళు అనుకుంటారు. నోరు వాకిలి మాత్రమే. ఊపిరి బయల్దేరేది బొడ్డు దగ్గర నుంచి. చెంగల్రాయుడి నాయన అతనికి ఏడేళ్ళప్పుడు నేర్పిన మొదటి పాఠం రాగం కాదు, కడుపు మీద ఇత్తడి చెంబు పెట్టుకుని అది కిందపడకుండా ఊపిరి నింపడం. అట్లాంటి కడుపు ఇప్పుడు పొయ్యి అయి కూర్చుంది. రాగం ఎత్తుకుని కాస్త పైకి పోయేసరికి రొమ్ము కింద ఎవరో నిప్పుకణిక పెట్టినట్టయ్యేది. స్వరం సగంలో దిగిపోయేది.

చివరికి ఒక శనివారం పొద్దున కుప్పుస్వామే అతన్ని రైల్వే గేటు దగ్గరున్న డాక్టరమ్మ పద్మాక్షి దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె కృష్ణా జిల్లా వైపు మనిషి. తిరుపతి వచ్చి రెండేళ్ళయింది. మాట మెత్తన, పని గట్టి. మూడు రోజుల ముందే ఆమె చెప్పిన చోటికి పోయి, సున్నం నీళ్ళలాంటి తెల్లటి మందు గ్లాసెడు తాగి, కడుపు ఫోటో తీయించుకున్నాడు చెంగల్రాయుడు. ఆ ఫోటోను ఆమె కిటికీ వెలుగుకు పట్టి చూసింది.

"పుండు పడిందండీ. కడుపులో పులుపు ఎక్కువ ఊరుతోంది."

"సింతపండు మానేస్తానమ్మా."

"మీరు తినే పులుపు కాదు, కడుపు తనంతట తాను తయారుచేసే పులుపు. ఇప్పుడు కొత్తగా మాత్రలు వచ్చాయి. అవి ఆ పులుపును తగ్గిస్తాయి. పులుపు తగ్గితే పుండు నిదానంగా మానుతుంది. వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"లేదమ్మా."

ఈ లేదమ్మాలో అబద్ధం లేదు గానీ, నిజం కూడా సగమే ఉంది. మోకాళ్ళ సలుపుకు దినమూ పొద్దున బీడీల అంగట్లో ఒక నొప్పిమాత్ర కొని వేసుకునే అలవాటు అతనికి మూడేళ్ళుగా ఉంది. పెండ్లి పందిట్లో గంటలకొద్దీ మఠం వేసుకుని కూర్చోవాలంటే మరి మోకాలు మాట వినాలి కదా. కాని డాక్టరు ఇస్తే అది మందు, బీడీల అంగట్లో ఇస్తే అది మాత్ర. ఆమె అడిగింది మందు సంగతి.

"మానకపోతే ఏమవుతాదమ్మా?" అని అడిగాడు.

"వేలూరు పెద్దాసుపత్రికి పంపిస్తాను. కోసి బాగుచేయాల్సి వస్తుంది."

"కోస్తే... మళ్ళా ఊదొచ్చునా?"

ఆమె అతని మెడలోని తువ్వాలును, వేళ్ళ కొనల మీది కాయలను చూసింది. "ఆరు నెలలు అసలు ఊదకూడదు. తర్వాత మునుపటంత బలంగా ఊదగలరని నేను మాట ఇవ్వలేను. అందుకే ముందు ఈ మాత్రలు శ్రద్ధగా వాడండి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఆరు వారాలు. ఒక్క వారం కూడా తప్పకూడదు. మధ్యలో మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. కారం, పొగాకు, కాఫీ దగ్గరికి రానివ్వకండి. ఇవాళే మొదలుపెట్టండి."

చెంగల్రాయుడు భక్తిగా రెండు చేతులూ జోడించాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. తక్కిన ఊళ్ళ సంగతేమో గానీ, కొండ కింద పుట్టి పెరిగినవాళ్ళకు వారం అంటే ఏడు దినాల మూట కాదు. వారం అంటే సామి వారం, శనివారం. "మా యమ్మి ఏడు వారాలు పట్టింది" అంటే ఏడు శనివారాలు ఒక్కపొద్దు ఉండి, పిండి దీపం పెట్టిందని అర్థం. "వారం తప్పింది" అంటే అన్నీ వదిలేసి మళ్ళీ మొదటి నుంచి పట్టాలని అర్థం. వారాలు పట్టిన మనిషి కారం తగ్గించాలి, పొగాకు ముట్టకూడదు, శ్రద్ధగా ఉండాలి. డాక్టరమ్మ చెప్పిన మాటల్లో ఏ ఒక్కటీ దీనికి అడ్డం రాలేదు. పైగా ఆ దినం శనివారం. ఇవాళే మొదలుపెట్టమనింది.

"సదువుకున్నామె అయినా ఎంత భక్తి సూడు," అన్నాడు బయటికొచ్చి. "ఆరు వారాలు పట్టమనింది."

"మంచిదే కదప్పా," అన్నాడు కుప్పుస్వామి. అతను కూడా ఆ కొండ కింద ఇరవై రెండేళ్ళ నుంచి ఉన్నవాడే.

మందుల అంగడివాడు చీటీ చూసి రెండు అట్టలు బయటికి తీశాడు. చెంగల్రాయుడు వేళ్ళు మడిచి, పెదాలు కదిపి, "పన్నెండు ఇయ్యప్పా, సాలు," అన్నాడు. వారానికి రెండు, ఆరు వారాలకు పన్నెండు. అంగడివాడు ఒక అట్ట నిండుగా ఇచ్చి, రెండో అట్ట నుంచి రెండు మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. అయిపోతే మళ్ళీ వస్తాడులే అనుకున్నాడు. అందరూ అట్లే వస్తారు కదా.

ఇక ఆ ఇంట్లో మాత్రకు జరిగిన మర్యాద ఏ మాత్రకూ జరిగి ఉండదు. శనివారం తెల్లవారగానే చెంగల్రాయుడు తలకు పోసుకుని, నామం పెట్టుకునేవాడు. అలివేలమ్మ బియ్యప్పిండి, బెల్లం కలిపి దీపం చేసి నెయ్యి పోసి వెలిగించేది. వేంకటేశ్వరుని పటం ముందు తులసాకు మీద మాత్ర పెట్టేవాళ్ళు. గోవింద నామం మూడుసార్లు చెప్పి, దాన్ని కళ్ళకద్దుకుని, తీర్థంతో మింగేవాడు. పగలంతా ఒక్కపొద్దు. చీకటిపడ్డాక రెండో మాత్ర, పెరుగన్నం. మిగతా మాత్రలన్నీ పసుపు గుడ్డలో చుట్టి పటం వెనక భద్రంగా ఉండేవి.

పని చేసింది కూడా. శనివారం కడుపు చల్లగా ఉండేది. ఆదివారం పొద్దునకు కూడా ఫరవాలేదనిపించేది. ఆదివారం సాయంత్రానికి మాత్రం నిప్పుకణిక తిరిగి తన చోటికి వచ్చి కూర్చునేది.

"సూసినావా, సామి వారం నాడు కిక్కురుమనదు," అనేవాడు చెంగల్రాయుడు. "సోమవారం నుంచి దాని రాజ్యం."

రెండో వారం దాటాక పక్కింటి నాగులమ్మ వచ్చింది. ఆమెకు భోజనం చేశాక గుండెల్లో ఎగదన్నే జబ్బు.

"అలివేలా, మీ ఆయన మింగే మాత్రలో నాకు నాలుగు ఇయ్యి. నేను గూడా పడతాను. నాకైతే మంగళవారమే. మా ఇంట్లో గంగమ్మకు పట్టేది."

అలివేలమ్మ పసుపు గుడ్డ విప్పబోయింది. చెంగల్రాయుడు మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు.

"యాడికి తీస్తావుండావు? ఎనిమిదుండాయి, నాలుగు వారాలకు సరిగ్గా ఎనిమిది. ఒకటి తగ్గితే వారం తప్పుతాది, వారం తప్పితే మొదటికొస్తాది. నాగులమ్మక్కా, నువ్వు డాక్టరమ్మ దగ్గరికి పో. నీకు ఏ వారం సెప్తాదో ఆమెనే సెప్పనీ."

"అబ్బో, మాత్ర గూడా మీ సామి సొత్తే అయిపోయిందా," అని మూతి తిప్పుకుని పోయింది నాగులమ్మ. తెలిసి చేసినా తెలియక చేసినా, ఆ ఆరు వారాల్లో చెంగల్రాయుడు మందు విషయంలో చేసిన సరైన పని అదొక్కటే.

నాలుగో వారం ముగిసిన తర్వాతి బుధవారం పలమనేరులో పెండ్లి. పాల వ్యాపారం చేసే దేవరాజులు తన పెద్ద కూతురికి చేస్తున్నాడు. ముహూర్తం తొమ్మిది గంటల ఇరవై రెండు నిమిషాలకు. ముందు దినమే బస్సెక్కి పోయారు. పలమనేరు చలికి పొద్దున్నే మోకాళ్ళు పట్టేశాయని చెంగల్రాయుడు ఖాళీ కడుపున బీడీల అంగడి మాత్ర వేసుకున్నాడు. పైన పెండ్లివారిచ్చిన కాఫీ తాగాడు. వ్రతం శనివారానికే కదా, బుధవారం కాఫీకి ఏం దోషం?

తొమ్మిది గంటల పది నిమిషాలకు బాగానే ఉన్నాడు. పదిహేనుకు చెమట పట్టింది. పదిహేడుకు కీర్తనలో ఒక పెద్ద సంగతి ఎత్తుకుని పైకి పోతూండగా కడుపులో కణిక కాదు, కట్టెల మోపే అంటుకుంది. ఊపిరి తెగింది. నాదస్వరంలో నుంచి తల్లిని వెతుక్కునే దూడ అరుపులాంటిది ఒకటి వచ్చి, పందిరంతా పరుచుకుంది. పిల్లలు నవ్వారు. పెండ్లికూతురు తలెత్తి చూసింది.

కుప్పుస్వామికి ఏం తోచలేదు. ఆ అరుపును ముంచేయాలి, అంతే. రెండు చేతులా డోలు మీద గట్టిమేళం అందుకున్నాడు.

గట్టిమేళం మోగితే తాళి కట్టాలని పుట్టిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. పెండ్లికొడుకు అసలే తొందర మీదున్నాడేమో, పురోహితుడు ఇంకా సంకల్పం దగ్గరే ఉండగా లేచి నిలబడి తాళి కట్టేశాడు. అక్షింతలు పడ్డాయి. మూడో ముడి పడ్డాక దేవరాజులు గోడ గడియారం చూసుకుని కెవ్వుమన్నాడు.

"ముహూర్తం ఇంగా నాలుగు నిమిషాలుండాది కదయ్యా!"

పురోహితుడు తన చేతి గడియారం కేసి ఒకసారి, కట్టిన తాళి కేసి ఒకసారి చూశాడు. "మీ గోడ గడియారం నాలుగు నిమిషాలు వెనక. నాది సరిగ్గా ఉండాది," అన్నాడు. ఆ మహానుభావుడికి చెంగల్రాయుడు మనసులోనే సాష్టాంగపడ్డాడు.

భోజనాల పందిరి వెనక ఇద్దరూ కూర్చున్నారు. చెంగల్రాయుడు మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఉన్నాడు.

"డాక్టరమ్మ మాత్ర ఒకటి ఎయ్యప్పా," అన్నాడు కుప్పుస్వామి.

"ఇంట్లో ఉండాది, పటం ఎనక. ఉన్నా ఎయ్యను. ఈ పొద్దు బుధవారం."

"నొప్పి బుధవారమే వచ్చింది కదా."

"వస్తే?"

"లే, ఊరికే అడుగుతావుండా. నొప్పికి వారాలు తెలియవు, మాత్రకు మాత్రం తెలుసునా అని."

చెంగల్రాయుడు మోకాళ్ళను ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. అతనికీ ఆ అనుమానం ఒకసారి వచ్చింది. కాని అనుమానపడితే వ్రతఫలం పోతుందని వెంటనే లెంపలేసుకున్నాడు. కుప్పుస్వామి జేబులో మోకాలి మాత్ర ఒకటుంది. నొప్పి నొప్పే కదా, మోకాలైతే ఏమి, కడుపైతే ఏమి అని అదే ఇచ్చాడు. దాన్ని మింగి తిరుపతి బస్సెక్కిన చెంగల్రాయుడు చిత్తూరు దాటేలోపు వాంతికని రెండుసార్లు బస్సాపించాడు.

ఆరు వారాలూ పూర్తయ్యాయి. పన్నెండు మాత్రలూ అయిపోయాయి. ఒక్కటి తప్పలేదు. మళ్ళీ తెల్ల మందు తాగి ఫోటో తీయించుకుని, సోమవారం నాడు డాక్టరమ్మ దగ్గరికి పోయాడు. ఈసారి అలివేలమ్మ కూడా వచ్చింది. చలిమిడి డబ్బాలో పెట్టి తెచ్చింది. వారాలు తీరాయి కాబట్టి వ్రతం చెప్పిన మనిషికి ప్రసాదం ఇవ్వాలి కదా.

డాక్టరమ్మ కొత్త ఫోటో పక్కన పాత ఫోటో పెట్టి చూసింది. ముఖం చిన్నబోయింది.

"ఏమీ మానలేదు. ఇంకాస్త పెద్దదైంది కూడా."

గేటు దగ్గర రైలు కూత వేసి పోయింది. ఆ కూత ఎంత పొడుగ్గా ఉందో, ఒక్క ఊపిరిలో, తెగకుండా. చెంగల్రాయుడు దాన్నే వింటూ కూర్చున్నాడు.

"మాత్రలన్నీ వేసుకున్నారా?"

"ఒక్కటి తప్పలేదమ్మా. తలకు పోసుకుని, దీపం మీద సెయ్యి పెట్టి ప్రమాణం సేయమన్నా సేస్తా."

డాక్టరమ్మ నిట్టూర్చింది. "చాలామందికి మానుతుంది. మీకెందుకు పని చేయలేదో నాకు అర్థం కావడం లేదు. ఇక లాభం లేదు, వేలూరికి ఉత్తరం రాసిస్తాను." కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది.

అలివేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెంగల్రాయుడు తన వేళ్ళను చూసుకున్నాడు. అవి ఒళ్ళో లేని నాదస్వరం మీద వాటంతటవే కదులుతున్నాయి.

కుప్పుస్వామికి ఉక్రోషం వచ్చింది. "ఇంత నిష్ఠగా పట్టినోడికి ఇట్లయితే ఎట్లమ్మా? పలమనేరులో ప్రాణం పోతావున్నా మాత్ర ఎయ్యలేదు తల్లీ ఇతను. వద్దంటే వద్దన్నాడు. బుధవారమని."

కలం ఆగింది.

"బుధవారమైతే ఏం?"

"వారం కాదు కదమ్మా," అన్నాడు చెంగల్రాయుడు ఓపికగా.

"బుధవారం వారం కాకపోవడమేమిటి?"

"అది బుధవారం. వారమంటే శనివారం."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మీరు... మొత్తం ఎన్ని మాత్రలు వేసుకున్నారు?"

"పన్నెండమ్మా. సెప్పినట్టే. వారానికి రెండు, ఆరు వారాలు."

"పన్నెండా! నేను చెప్పింది ఎనభై నాలుగండీ!"

అలివేలమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎనభై నాలుగు శనివారాలా తల్లీ!"

"శనివారాలు కాదమ్మా! రోజూ! రోజుకు రెండు, నలభై రెండు రోజులు!"

ముందుగా నవ్వింది కుప్పుస్వామి. అతని నవ్వు డోలు మీద మొదటి దెబ్బలాగా పడింది. తర్వాత అలివేలమ్మకు నవ్వో ఏడుపో తెలియనిది వచ్చింది. డాక్టరమ్మ కోప్పడబోయి, కోపం దారిలోనే మరిచిపోయి, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది.

"తప్పు నాది," అంది చివరికి. "ఎలా వేసుకుంటారో మీ నోటితో ఒకసారి చెప్పించుకుని ఉండాల్సింది. ఒక్క ముక్క అడిగితే తేలిపోయేది." రాసిన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి చింపింది. "మందు పని చేయలేదని మిమ్మల్ని కోతకు పంపబోయాను. మందు ఇంకా మీ కడుపులోకి పోనే లేదు."

"అయితే కొయ్యరా?"

"ఇప్పుడైతే కోయరు. ముందు ఇది సరిగా వేసుకుందాం."

చెంగల్రాయుడికి కడుపులో మంట ఉన్న చోటే ఏదో చల్లగా కదిలింది. ఆ వెంటనే సిగ్గేసింది. "మరి ఆ దీపాలు, ఒక్కపొద్దులు... సామి సెప్పినాడనుకున్నానే అమ్మా. అదంతా ఉత్తదేనా?"

జవాబు అలివేలమ్మ చెప్పింది.

"ఉత్తదెందుకయితాది? శనివారం సామిది, ఇచ్చినాము. తక్కిన ఆరు దినాలు కడుపు ఎవరిదయ్యా? మనది కాదా? దానికి మనమేమి ఇచ్చినాము, కాఫీ, ఊరిబిండి! నలభై రెండు దినాల్లో ఆరు శనివారాలు గూడా ఉండాయి కదా. సామికి తక్కువేం కాలేదులే."

"మండలం," అన్నాడు కుప్పుస్వామి ఉన్నట్టుండి. "మండలమంటే నలభై ఒక్క దినాలు, దాని మీద ఇంగో దినం. శబరిమల పోయేవాళ్ళ మాదిరి దీక్ష అనుకోప్పా. నలభై రెండు దినాలు, దినమూ రెండు పూటలా."

"అదీ మాట," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు మీరు చెప్పండి, ఎలా వేసుకుంటారు?"

"దినమూ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం..." ఏడు పేర్లూ వల్లించాడు. "ఒక్కపొద్దు నాడు గూడానా అమ్మా?"

"ఆ రోజు కూడా. ఈ పుండు మానేదాకా ఒక్కపొద్దులు వద్దని మాత్రం నా మనవి."

"నొప్పి తగ్గిపోతే?"

"తగ్గుతుంది, వారం పది రోజుల్లోనే తగ్గుతుంది. అయ్యో, వారం అన్నాను. ఏడు దినాల్లో, పది దినాల్లో. అప్పుడు మానేశారో, పుండు అట్లాగే ఉండిపోతుంది. నలభై రెండు దినాలూ వేసుకోవాల్సిందే. ఆ తర్వాత నేను చూసి చెప్పేదాకా, మీ అంతట మీరు కొనుక్కుని ఇంకా ఇంకా వేసుకోకూడదు."

"ఒక పూట మరిసిపోతే మొదటికొస్తాదా?"

"రాదు. గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి పూట దగ్గరపడి ఉంటే దాన్ని వదిలేయండి. రెండూ కలిపి మాత్రం మింగకూడదు."

చెంగల్రాయుడు భార్య వైపు చూశాడు. "వారాల కన్నా ఇదే దయగల వ్రతం అలివేలా," అన్నాడు మెల్లగా. అలివేలమ్మ అతని తరఫున లెంపలేసుకుంది.

"ఇంకొకటి," అంది డాక్టరమ్మ. ఈసారి జాగ్రత్తగా, ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ అడిగింది. "డాక్టరు ఇచ్చినవి కాదు. అంగట్లో గానీ, పక్కింట్లో గానీ, ఎక్కడైనా సరే. నోట్లో వేసుకునేది ఇంకేమైనా ఉందా?"

"ఏమీ లేదమ్మా. మోకాలి మాత్ర తప్ప."

"ఏ మోకాలి మాత్ర?"

కుప్పుస్వామి జేబులో నుంచి తీసి చూపించాడు. డాక్టరమ్మ దాన్ని వేలికొసలతో, తేలును పట్టుకున్నట్టు పట్టుకుంది. "ఎన్నాళ్ళుగా?"

"మూడేళ్ళు. దినమూ."

"రోజూ వేసుకోమన్నదాన్ని వారానికొక రోజే వేసుకున్నారు. అసలు వేసుకోకూడనిదాన్ని రోజూ వేసుకున్నారు," అంది. "పుండుకు సగం కారణం ఇదే అయి ఉంటుంది. ఒక చేత్తో కట్టు కడుతూ ఇంకో చేత్తో గీరుతున్నారు. దీక్షలో ఇది నిషిద్ధం. మోకాళ్ళ సంగతి నేను వేరే చూస్తాను."

కుప్పుస్వామి తల దించుకున్నాడు. పలమనేరులో తాను ఇచ్చింది ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. లేచి గుమ్మం దాకా పోయేలోపే పదిసార్లు అన్నాడు, "నేనే ఇచ్చినానప్పా, నా సేత్తో," అని. చెంగల్రాయుడు, "పొట్ట నాది, బుద్ధి లేనిది నాకు, ఏడవద్దులే," అని ఓదార్చాల్సి వచ్చింది.

వాళ్ళు గుమ్మం దాటుతుండగా డాక్టరమ్మ వెనక నుంచి పిలిచింది. "మలం ఎప్పుడైనా తారులాగా నల్లగా పడినా, వాంతిలో రక్తం కనబడినా, వారం వర్జ్యం చూడకండి. అప్పటికప్పుడే రండి." తర్వాత అలివేలమ్మ బల్ల మీద పెట్టిన డబ్బా తెరిచి చలిమిడి నోట్లో వేసుకుంది. "బాగుందమ్మా. దీన్ని మాత్రం వారానికి ఒకసారి తెచ్చినా నాకు అభ్యంతరం లేదు."

ఈసారి మందుల అంగడివాడు నాలుగు అట్టలు ఇచ్చి, మిగతావి తెప్పిస్తానన్నాడు. చెంగల్రాయుడు వాటిని పటం వెనక పెట్టలేదు. తినే చోట, కూజా పక్కన గూట్లో పెట్టాడు. అలివేలమ్మ గోడ మీద బొగ్గుతో నలభై రెండు గీతలు గీసింది. మాత్ర మింగినప్పుడల్లా అడ్డంగా ఒక చిన్న గీత, పూటకు ఒకటి. శనివారం నాడు మాత్రం ఆ గీత కుంకుమతో పెట్టేది. దాన్ని ఆమె మానలేదు, ఎవరూ మానమనలేదు.

తొమ్మిదో దినానికి నొప్పి పూర్తిగా పోయింది. పదకొండో దినాన చెంగల్రాయుడు, "ఇంగేం, మానిపోయింది కదా," అన్నాడు. అలివేలమ్మ గోడ చూపించింది. ముప్పై ఒక్క గీతలు ఖాళీగా అతని వైపు చూస్తున్నాయి. నోరు మూసుకుని, మళ్ళీ తెరిచి, మాత్ర మింగాడు. ఆ మర్నాడు ఊరిబిండి వాసన వచ్చి నాగులమ్మ గోడ మీదుగా తొంగిచూస్తే, అలివేలమ్మ కారం లేకుండా వేరుశనగ ఒక్కటే నూరుతోంది.

"అది ఊరిబిండినా?"

"దీక్షలో ఉండాది అక్కా, ఊరిబిండి గూడా," అంది అలివేలమ్మ.

నలభై రెండు గీతలూ నిండాక తీయించిన ఫోటోను డాక్టరమ్మ కిటికీకి పట్టి చాలాసేపు చూసింది. పుండు ఉన్న చోట ఒక చిన్న ముడత తప్ప ఏమీ లేదు. ఆ దినం తనను లోపలికి పిలిచేదాకా బయట బల్ల మీద కూర్చున్నంతసేపూ చెంగల్రాయుడికి ఆమె గొంతు వినబడుతూనే ఉండింది. తనకన్నా ముందు లోపలికి వెళ్ళిన ముసలాయనకు చెబుతోంది. "మూడు వారాలండీ. అంటే ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం... ఏదీ, మీరు ఒకసారి చెప్పండి." ముసలాయన సంకల్పం చెప్పినట్టు తిరిగి చెబుతున్నాడు.

జ్యేష్ఠమాసంలో దేవరాజులు మళ్ళీ కబురు చేశాడు. నాలుగు నిమిషాల ముందు తాళి పడిన పెద్ద కూతురు సుఖంగా ఉందట. అందుకని చిన్న కూతురికి కూడా అదే మేళం కావాలన్నాడు. కాకపోతే ఈసారి గోడ గడియారం బాగు చేయించానని కూడా కబురు చేశాడు.

పురోహితుడు చెయ్యి ఎత్తేదాకా కుప్పుస్వామి డోలు మీద చెయ్యి వేయలేదు. అంతవరకూ పందిరిని మోసింది నాదస్వరం ఒక్కటే. చెంగల్రాయుడు రాగం చివర ఒక స్వరం పట్టుకుని నిలిచాడు. నిలిచాడు, ఇంకా నిలిచాడు. బొడ్డు దగ్గర నుంచి ఊపిరి బయల్దేరి, ఎక్కడా ఏ నిప్పునూ తొక్కకుండా, నాయన పెట్టిన ఇత్తడి చెంబు కదలనంత నిండుగా పైకి వచ్చింది. డోలు కర్ర చేతిలో పట్టుకుని కుప్పుస్వామి అతని వైపు నోరు తెరుచుకుని చూస్తుంటే, పురోహితుడే రెండోసారి చెయ్యి ఊపాల్సి వచ్చింది.

భోజనాల దగ్గర లేవబోయి చెంగల్రాయుడు మోకాలు పట్టుకున్నాడు.

"సలుపుతావుందా?" అన్నాడు కుప్పుస్వామి. చెయ్యి అలవాటుగా జేబు దాకా పోయి, ఖాళీగా వెనక్కి వచ్చింది. "డాక్టరమ్మ దగ్గరికి పోదాం పదప్పా. ఏ వారం పోదాం?"

"ఏ వారమయితే ఏమప్పా," అన్నాడు చెంగల్రాయుడు. "నొప్పి ఈ పొద్దు కదా వచ్చింది."